ఎడమ పక్క ఎత్తు

సీట్ల దుకాణం, వెనక గది నుంచి

బండి కొన్న అబ్బాయికి,

నువ్వెవరో నాకు తెలియదు. నిన్ను నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. నా కొడుకు వయసువాడివని బ్రోకరు చెప్పాడు. నీ అడ్రసు ఇవ్వనని చాలాసేపు బెట్టు చేశాడు. వాడి దుకాణం మెట్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతి బేరానికీ "ఇతను చచ్చినవాళ్ళ బండ్లు అమ్ముతాడు, చూసి కొనుక్కోండి" అని చెప్పడం మొదలుపెట్టాను. మూడో బేరం వెనక్కి పోగానే ఇచ్చాడు.

నువ్వు కొన్న నల్ల బండి నా కొడుకుది. నేను మా అక్క ఇంట్లో మంచం మీద పడి ఉండగా మా ఆయన అమ్మేశాడు. "అది ఎదురుగా ఉంటే నువ్వు లేవలేవు" అన్నాడు. ఇప్పుడు లేచాను. లేచి చూస్తే బండి నిలబెట్టే చోట నూనె మరక ఒక్కటే ఉంది. దాన్ని కూడా ఆయన సబ్బు పెట్టి కడగబోతుంటే చీపురు లాక్కున్నాను.

బండి నాకొద్దు. బండి నువ్వే ఉంచుకో. నాకు సీటు కావాలి. ఆ సీటు కంపెనీది కాదు. నేను కుట్టాను. నేను చేసేది సీట్లు కుట్టే పనే. కారు సీట్లు, ఆటో సీట్లు, ఆస్పత్రి కుర్చీలు, ఏది తెస్తే అది. ముందు ఎర్ర దారం జంట కుట్టు వేసి ఉంటుంది చూడు, అది నా కుట్టు. నీ బండికి కంపెనీ సీటు మా ఇంట్లో మంచం కింద ఉంది. అట్టపెట్టెలో పెట్టి పంపిస్తాను. అది బిగించుకుని నాది నాకు పంపు. బోల్టులు రెండే.

ఫోన్ చేయకు. ఫోన్ మా ఆయన ఎత్తుతాడు. నేనెత్తినా ఏడుపు తప్ప మాట రాదు. కాగితం మీదైతే ఏడ్చినా నీకు వినబడదు.

ఇట్లు,
బండి వాడి తల్లి


మూడో అంతస్తు అద్దె గది నుంచి

అమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ అబ్బాయి గురించి బ్రోకరు నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. "ఫ్యామిలీ బండి సార్, పద్ధతిగా వాడారు" అన్నాడంతే. తెలిసి ఉంటే కొనేముందు మీ ఇంటికి వచ్చి అడిగేవాడిని.

నేను జెరాక్స్ మిషన్లు రిపేరు చేస్తాను. ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు రోజంతా బండి మీదే ఉంటాను. చిన్నప్పటి నుంచీ నాకు స్పోర్ట్స్ బండి అంటే పిచ్చి. కానీ ఏది ఎక్కినా అరగంటలో నడుము పోయేది. దిగాక గోడ పట్టుకుని నిలబడేవాడిని. స్పోర్ట్స్ బండి, అందులో హాయిగా ఉండేది కావాలి అంటే నవ్వనివాళ్ళు లేరు. దాని కోసం ఎన్ని షోరూములు తిరిగానో, ఎంతమంది బండ్లు అడుక్కుని నడిపి చూశానో లెక్క లేదు. మీ బండి ఎక్కి వీధి చివర దాకా వెళ్ళి వచ్చాను. దిగబుద్ధి కాలేదు. బ్రోకరు అడిగినంతా ఇచ్చేశాను.

అందుకని, అమ్మా, సీటు ఇవ్వలేను. మీరు వేరేలా అనుకోవద్దు. ఆ బండిలో ఏది మార్చినా మళ్ళీ నడుము పోతుందేమోనని నా భయం. మీ బాధ నాకు అర్థమవుతుంది. కావాలంటే సీటుని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపుతాను. ఎంతో శ్రద్ధగా కుట్టారు. ఇంత మంచి పనివారు మా ఊళ్ళో లేరు.

మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

నమస్కారాలతో,
జెరాక్స్ మెకానిక్


ఇంటి నుంచి, వంటగది గట్టు మీద రాస్తూ

అబ్బాయీ,

ముందు ఒక మాట. నన్ను అమ్మా అని రాయకు. అలా పిలవడానికి ఒకడుండేవాడు. నా బాధ అర్థమవుతుందని కూడా రాయకు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ గడపలో చెప్పులు విడవకముందే ఆ మాట అంటారు. "బండి మీద పోయాడా?" అని మెల్లగా అడుగుతారు. కాదు, జ్వరం వచ్చి పోయాడు, ఆస్పత్రి మంచం మీద పోయాడు అంటే "ఓహో, జ్వరమేనా" అని సంతలో సరుకు దొరకనట్టు మొహం పెడతారు. ఆ బండి వాడికి గోరంత హాని చేయలేదు. వాడికి హాని చేసినవి చాలా ఉన్నాయి, అందులో బండి లేదు.

రెండో మాట. నువ్వు అబద్ధం రాస్తున్నావు. ఆ సీటు మీద నీకు హాయిగా ఉండదు. ఉండే వీలు లేదు. కుట్టినదాన్ని నాకు తెలియదా? మా ఆయన ఒకసారి ఎక్కి కూర్చుని "ఇదేం సీటే, పిట్టగోడ మీద కూర్చున్నట్టుంది, పక్కకి దొర్లిపోతున్నా" అన్నాడు. ఎవరెక్కినా అదే మాట. ఎందుకో చెబుతాను విను. ఇది విన్నాక నువ్వే పంపిస్తావు.

నా కొడుకు ఎడమ తుంటి చిన్నది. పుట్టుకతోనే. కాలు పొట్టి, ఆ పక్క కండ లేదు. నడిస్తే ఊగుతూ నడిచేవాడు. వీధిలో పిల్లలు వాణ్ణి "లోలకం" అనేవారు. కూర్చుంటే ఎడమ పక్కకి దిగిపోయేవాడు, దిగిపోకుండా వెన్ను వంచి ఆపుకునేవాడు. సాయంత్రానికి ఆ వెన్ను కట్టెలా అయ్యేది. ఆముదం రాసి రాసి నా చేతులు మెత్తబడ్డాయి గాని అది మెత్తబడలేదు.

వాడికేమో స్పోర్ట్స్ బండి కావాలి. స్కూటరు కొనుక్కో, దానికి పక్క చక్రాలు పెట్టించుకో అని అందరూ చెప్పారు. నేనూ చెప్పాను. వాడన్నాడు, "మలుపులో బండి మీద ఎంతటివాడైనా పక్కకి వంగాల్సిందే కదమ్మా. అక్కడ నేనూ అందరిలాంటివాణ్ణే."

ఇంకేం అంటాను. వాడితో షోరూములన్నీ తిరిగాను, మెడలో టేపు వేసుకుని. ఒక్కో బండి వాడు ఎక్కడం, నేను వెనక నిలబడి వాడి వెన్ను చూడడం. ఒకచోట టై కట్టుకున్న కుర్రాడు "స్పోర్ట్స్ బండి అంటే వంగి కూర్చోవాలాంటీ. సుఖం కావాలంటే పక్క వీధిలో సోఫాల షాపుంది" అన్నాడు. నా కొడుకు నవ్వి, "సోఫాకి గేర్లుండవు కదా బ్రదర్" అన్నాడు. బయటికొచ్చాక నవ్వలేదు.

చివరికి ఒక పాత బండి దొరికింది. నీ దగ్గరున్నది అదే. హ్యాండిల్ కొంచెం ఎత్తు చేయించాడు. సీటు నేను చేశాను. ఇనప తట్టలో తడి ఇసుక పోసి, మీద ప్లాస్టిక్ పేపరు పరిచి, దాని మీద వాణ్ణి బండి మీద కూర్చున్నట్టే కూర్చోబెట్టాను. లేచాక ఇసుకలో పడిన గుంట చూస్తే వాడి ఒళ్ళంతా తెలిసిపోయింది. కుడి పక్క లోతు, ఎడమ పక్క ఊరికే తాకినట్టు. ఆ గుంట చూసి స్పాంజి కోశాను. ఎడమ పక్క ఎత్తు. తొడ కింద మాత్రం చెక్కేశాను, బండి ఆపినప్పుడు ఆ కాలు నేలకి అందాలి కదా. కోయడం, కూర్చోబెట్టడం, మళ్ళీ కోయడం. "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేవాడు. దుకాణంలో మా ఓనరు "సినిమా హీరోయిన్ జాకెట్టుకి కూడా ఇన్ని ట్రయల్సుండవు" అని వెక్కిరించాడు.

ఇసుక ఇప్పుడు లేదు. మా ఆయన స్నానాల గది మెట్టు బాగుచేయడానికి వాడేశాడు.

అర్థమైందా? వాడి ఒంటి కొలత ఈ లోకంలో ఆ సీటులోనే ఉంది. దాన్ని నువ్వు తొక్కుకుంటూ తిరుగుతున్నావు. నీకేం తక్కువ? రెండు కాళ్ళూ సమంగా ఉన్నవాడివి, షోరూముకెళ్ళి వేలు చూపిస్తే బండి తెచ్చి నిలబెడతారు. నాది నాకు పంపు.

కంపెనీ సీటు ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. ఇక నీకు సాకు లేదు.

బండి వాడి తల్లి


అద్దె గది నుంచి

మీకు నమస్కారం.

వెంటనే రాయలేకపోయాను. మీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. ఒక ఆఫీసులో మిషను విప్పి, మళ్ళీ బిగించడం మరిచిపోయి వచ్చేశాను.

మీరు కంపెనీ సీటు పంపారు కదా, దాన్ని బిగించి ఒకసారి పనికి వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు బండి తోసుకుంటూ వచ్చాను.

నేను అబద్ధం రాయలేదండీ. రాయాల్సింది రాయలేదు, అంతే. నాదీ ఎడమ తుంటే. చిన్నప్పుడు ఎముకకి చీము పట్టి, పెరగడం ఆగిపోయింది. బూటు లోపల ఎత్తు పెట్టించుకుంటాను, ప్యాంటు వదులుగా కుట్టించుకుంటాను. పని చేసే చోట చాలామందికి తెలియదు. కాలి సంగతి ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ నేర్పింది. ఎవరైనా ఇంటికి వస్తే నన్ను ముందే కుర్చీలో కూర్చోబెట్టేది, వాళ్ళు వెళ్ళేదాకా లేవనిచ్చేది కాదు. ఆమెకు నా మీద ప్రేమ లేక కాదు. టేపు మెడలో వేసుకుని నాతో షోరూములు తిరగాలని మాత్రం ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

బ్రోకరు దుకాణంలో ఆ బండి ఎక్కినప్పుడు ఏం జరిగిందో నాకే అర్థం కాలేదు. నా వెన్ను దానంతట అదే నిలబడింది. బండి గొప్పదనుకున్నాను. హ్యాండిల్ ఎత్తు బాగుందనుకున్నాను. స్నేహితుడు ఒకడు ఎక్కి "సీటు వంకరగా ఉందిరా, మార్పించుకో" అంటే, వాడికి బండి నడపడం రాదని నవ్వాను. మీ ఉత్తరం చదివాక కిందికి దిగి వెళ్ళి సీటు మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఇన్నాళ్ళూ ఎవరి చోట్లో కూర్చున్నానో అప్పుడు తెలిసింది.

ఏం చేయాలో తోచడం లేదు. మీరే చెప్పండి.

జెరాక్స్ మెకానిక్


ఇంటి నుంచి

అబ్బాయీ,

నువ్వు నిజం రాశావో లేదో అని ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను. నిజమే. వెన్ను దానంతట అదే నిలబడింది అన్నావు చూడు, వాడూ అదే మాట అన్నాడు మొదటిరోజు. ఆ మాట నేను నీకు రాయలేదు.

జాలి పడతానని అనుకున్నావేమో. పడలేదు. ఒళ్ళు మండింది. అదే తుంటి, అదే కాలు, అదే బండి. నువ్వు మిషన్లు విప్పుకుంటూ, బిగించడం మరిచిపోతూ తిరుగుతున్నావు. వాడు లేడు. ఆ జ్వరం ఇద్దరు కుంటివాళ్ళలో ఒకణ్ణి ఏరుకోవాల్సి వస్తే నీ ఇంటికి దారి తెలియలేదా దానికి? రాయకూడని మాట రాశాను. కొట్టేయను. నువ్వు చదవాలి. ఊళ్ళో బతికున్న ప్రతి మగపిల్లవాణ్ణి చూసినా నాకు ఇదే మాట వస్తుంది. వాళ్ళకి చెప్పలేక నవ్వుతాను.

గేరు వేసేటప్పుడు ఎడమ మోకాలు ట్యాంకుకి కొట్టుకుంటుందా? వాడికి కొట్టుకునేది. అక్కడ ఒక చిన్న మెత్త అతికించాను, ఊడిపోతే చెప్పు. చెప్పకపోయినా పరవాలేదు. నాకెందుకు.

ఏం చేయాలో చెప్పమన్నావు. ఇన్ని రాసినా ఇంకా చెప్పాలా? సీటు పంపు. నీకు నడుము నొప్పి వస్తుంది, నాకు తెలుసు. వాడి నడుము నొప్పి చూసినదాన్ని, నీది చూడకుండా ఉండగలను.

బండి వాడి తల్లి


అద్దె గది నుంచి

మీకు నమస్కారం.

సీటు ఈరోజు పార్సిల్ ఆఫీసులో ఇచ్చాను. రెండు మూడు రోజుల్లో మీకు చేరుతుంది.

విప్పేముందు ఆఖరుసారి ఊరి బయట దాకా వెళ్ళాను. మలుపుల దగ్గర మీ అబ్బాయి అన్న మాట గుర్తొచ్చింది. నిజమే అన్నాడు.

ముందు అంచు దగ్గర మీ ఎర్ర కుట్టు కొంచెం విడిపోయి ఉంది, నా ప్యాంటు జిప్పు తగిలి. మీ వస్తువు చిరుగుతో మీ చేతికి రావడం నాకు మనసొప్పలేదు. మా వీధి చివర ఉన్న సీట్ల అతనికి ఇచ్చి, ఆ కుట్టు వేసి, అక్కడే జాగ్రత్తగా ప్యాక్ చేయమన్నాను. పని మధ్యలో వెళ్ళి తీసుకుని, అట్నుంచి అటే పార్సిల్‌లో వేశాను.

మోకాలు కొట్టుకోవడం లేదు. మెత్త ఊడలేదు.

మీరు రాసిన రాయకూడని మాట చదివాను. కొట్టేయనందుకు నేనేమీ అనుకోలేదు.

జెరాక్స్ మెకానిక్


ఇంటి నుంచి

ఏం పంపావు నాకు?

ఎవరి సీటు ఇది? కొత్త రెక్సిన్, కొత్త స్పాంజి, నల్ల దారం. బల్లలా చదునుగా ఉంది. ఇటు నుంచి అటు అరచెయ్యి పెట్టి తోశాను, ఎక్కడా ఆగలేదు. విప్పి లోపల కూడా చూశాను. నాది ఒక్క ముక్క లేదు. కింద రేకు మాత్రమే పాతది.

ప్యాకెట్ వచ్చిందని దుకాణంలో సెలవు పెట్టాను. స్నానం చేసి మరీ విప్పాను. మా ఆయన పక్కనే ఉన్నాడు. నేల మీద పెట్టి, దాని మీద కూర్చుని చూశాడు. "ఇప్పుడు బాగుందే, సమంగా ఉంది" అన్నాడు. పాపం, మంచి మాటే అనుకుని అన్నాడు. నేను ఏం చేశానో రాయను. పక్కింటివాళ్ళు వచ్చారు.

నా కొడుకు ఎక్కడ? రాయి.


అద్దె గది నుంచి

మీకు,

మీ ఉత్తరం పట్టుకుని నేరుగా సీట్ల అతని దగ్గరికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"ఒక్క కుట్టు వేయమన్నాను కదా, ఏం చేశావు?" అన్నాను.

"కుట్టు వేద్దామని విప్పాను సార్. లోపల స్పాంజి ఘోరం. ఒక పక్క ఎత్తు, ఒక పక్క గొయ్యి, తొడ దగ్గర చెక్కేసి ఉంది. ఎవడో పని రానివాడు కుట్టాడు. మీరు పాపం రోజూ దాని మీదే తిరుగుతున్నారు, నడుం పోదూ? అందుకే మొత్తం తీసేసి కొత్తది వేశాను. స్పాంజికి డబ్బులు కూడా అడగలేదు, మా కుట్టు మిషను మీరు ఊరికే బాగుచేస్తారని." ఎంతో సంతోషంగా చెప్పాడు.

పాతది ఏదని అడిగాను. చెత్త బండి వచ్చి తీసుకెళ్ళిపోయిందట. చెత్త పోసే చోటికి వెళ్ళాను. అక్కడ ఏరుకునేవాళ్ళకి ఎర్ర దారం అని చెప్పాను, నల్ల రెక్సిన్ అని చెప్పాను. వాళ్ళూ నాతో పాటు వెతికారు. ఒక ముసలామె "అందులో ఏం దాచావు నాయనా, బంగారమా?" అంది. దొరకలేదు. మర్నాడు కూడా వెళ్ళాను.

తిట్టడానికి మళ్ళీ ఆ సీట్ల అతని దగ్గరికి వెళ్ళాను. కుర్చీ వేసి, దుమ్ము దులిపి, కూర్చోమన్నాడు. తిట్టలేకపోయాను. తప్పు అతనిది కాదు. విప్పకు అని నేను చెప్పలేదు. ఎందుకు వంకరగా ఉందో చెప్పాల్సి వస్తుందని చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ దాచడమే అలవాటు కదా, అక్కడా దాచాను. అతను ప్యాకెట్ చేతికిచ్చినప్పుడు అరచెయ్యి పెట్టి చూసి ఉండాల్సింది. అప్పటికే గుండె బరువుగా ఉండి, ముట్టుకోకుండా పంపేశాను.

క్షమించమని అడగను. బండి కూడా మీకే పంపించేస్తాను. బస్సులో తిరగడం మొదలుపెట్టాను. కండక్టరు నా నడక చూసి ఎవరినో ఒకరిని లేపి సీటు ఇప్పిస్తున్నాడు. ఇన్నేళ్ళలో అందరి ముందూ ఆ సీటు తీసుకోవడం ఇదే మొదలు.

జెరాక్స్ మెకానిక్


సీట్ల దుకాణం, వెనక గది నుంచి

అబ్బాయీ,

చాలా రోజులు నీకు రాయకూడదనే అనుకున్నాను. తిట్లన్నీ మనసులోనే రాసుకున్నాను. నిన్ను, ఆ సీట్ల వాణ్ణి, మా ఆయన్ని, చెత్త బండిని. అందరూ మంచివాళ్ళే. అందరూ నా మంచి కోసమే చేశారు. మా ఆయన నేను లేవాలని బండి అమ్మాడు. నువ్వు చిరుగు ఉండకూడదని కుట్టించావు. వాడు నీ నడుం పోకూడదని సరిచేశాడు. చెడ్డవాడు ఒక్కడైనా ఉంటే వాడి మీద పడి ఏడ్చేదాన్ని.

ఎవడో పని రానివాడు కుట్టాడు అన్నాడా? ఇన్నేళ్ళు మిషను తొక్కాక ఈ పేరు కూడా వచ్చింది.

ఇంక పోయింది పోయింది, మళ్ళీ కుట్టుకుంటాను అనుకున్నాను. కుట్టింది నేనే కదా, నా చేతికి తెలియదా? కొత్త స్పాంజి తెచ్చాను. ఓనరు ఈసారి వెక్కిరించలేదు. కోశాను. ఎడమ పక్క ఎత్తు, కుడి పక్క లోతు. చెయ్యి పెట్టి చూస్తే కాదనిపించింది. ఇంకొకటి కోశాను. అదీ కాదు. రెండు వేళ్ళ ఎత్తా? మూడు వేళ్ళా? తొడ కింద ఎంత చెక్కాను? ఎంత తలుచుకున్నా రాలేదు. దుకాణం వెనక గది నిండా స్పాంజి ముక్కలు. వాటి మధ్యలో కూర్చుని ఆలోచిస్తే అప్పుడు తెలిసింది. నేనెప్పుడూ కొలత వేయలేదు. గుంట చూసి మొదలుపెట్టాను గాని, ఆపమన్నది వాడు. "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు" అనేవాడు. ఆ చాలు వాడి నోట్లోది. నా చేతిలో లేదు.

కన్నదాన్ని. వాణ్ణి సంకనేసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగినదాన్ని. ఏ పక్క ఎంత బరువో ఈ నడుముకి తెలుసనుకున్నాను. తెలియదు. మరిచిపోయాను. ఇంకా ఏడాది తిరగలేదు, మరిచిపోయాను. వాడు పోయినరోజు కూడా ఇంత ఏడవలేదు.

అందుకని నీకు రాస్తున్నాను. ఇష్టమై కాదు.

నువ్వు ఆ సీటు మీద రోజూ తిరిగావు. అది ఎంత ఎత్తో నా చేతికి గుర్తు లేదు గాని నీ తుంటికి గుర్తుంటుంది. అది మరిచిపోకముందే రా. బస్సులో ఎక్కువ తిరగకు, మెత్త సీట్ల మీద కూర్చోకు, ఆ గుర్తు పాడైపోతుంది. వచ్చేటప్పుడు బండి లారీలో వేసుకుని రా. నువ్వు బండి మీద కూర్చో, నేను కోస్తూ ఉంటాను. కాకపోతే కాదు అని చెప్పు. మొహమాటానికి బాగుంది అన్నావంటే కత్తెర అక్కడే పారేస్తాను. ఎప్పుడు నీ వెన్ను దానంతట అది నిలబడుతుందో అప్పుడు చాలు అను. నాకు ఆ ఒక్క మాట కావాలి.

అలా తయారైన సీటు నాది. నువ్వు చాలు అన్నాక దాని మీద ఎవరూ కూర్చోరు, నువ్వు కూడా. దాన్ని చూసి ఇంకొకటి కుట్టి నీ బండికి బిగిస్తాను. అది నువ్వు తీసుకుపో. బండి నాకొద్దని మొదటే చెప్పాను.

వచ్చినప్పుడు వాడి ఫోటో ముందు నిలబడి మొహం జాలిగా పెట్టకు. మా ఆయన నీతో వాతావరణం గురించి మాట్లాడతాడు, ఊఁ కొట్టు. ఆయనకి అంతకంటే చేతకాదు. బూటులో ఎత్తు తీసేసి రా, మా ఇంట్లో ఎవరూ చూడనిది కాదు. మా వీధిలో నువ్వు నడిచి వస్తుంటే కిటికీలోంచి నాకు వాడే వస్తున్నట్టు ఉంటుంది, అది నేను పడతాను, నువ్వేం చేయలేవు. కాస్త తొందరగా నడిచి లోపలికి వచ్చెయ్.

అమ్మా అని మాత్రం పిలవకు.

ఎర్ర దారం కొని ఉంచాను.